పేరు గోడ మీద, పద్దు బీరువాలో

1999లో న్యూయార్క్ నగరం కొన్ని వారాలపాటు ఏనుగు లద్దె గురించి కొట్టుకుంది. హాస్యానికి చెప్పడం లేదు. బ్రూక్లిన్ మ్యూజియంలో అక్టోబరు 2న 'సెన్సేషన్' పేరుతో ఒక ప్రదర్శన మొదలైంది. నలభైమంది దాకా బ్రిటన్ కుర్ర కళాకారుల పనులు అందులో ఉన్నాయి. ఒకచోట మందునీళ్ల తొట్టిలో నిలిపిన సొరచేప, ఇంకోచోట ముక్కలుగా కోసి గాజు పెట్టెల్లో పెట్టిన ఆవులు. మ్యూజియంవాళ్లు కూడా తక్కువ తినలేదు. ఈ ప్రదర్శన చూస్తే వాంతులు, కంగారు, గుండెదడ రావచ్చని సరదాగా 'ఆరోగ్య హెచ్చరిక' అచ్చువేసి ప్రచారం చేసుకున్నారు.

గొడవంతా ఒక్క చిత్రం మీద. క్రిస్ ఒఫీలి అనే చిత్రకారుడు 1996లో వేసిన మేరీమాత బొమ్మ అది. పసుపు బంగారు వన్నెల మధ్య నల్లని మేని తల్లి. ఒక రొమ్ము ఉండాల్సిన చోట ఎండిన ఏనుగు లద్దె ఉండ. పటాన్ని గోడకు తగిలించలేదు, అలాంటివే ఇంకో రెండు ఉండల మీద నిలబెట్టారు. చుట్టూ సీతాకోకచిలుకల్లా ఎగురుతున్నవి దగ్గరికెళ్లి చూస్తే అశ్లీల పత్రికల నుంచి కత్తిరించిన ముక్కలు.

లద్దె అనగానే అక్కడివాళ్లకు ఒళ్లు మండింది. మనవాళ్లయితే ఒక్క క్షణం ఆగేవారు. ధనుర్మాసంలో వాకిట్లో ఆవుపేడతో గొబ్బెమ్మలు చేసి, గుమ్మడిపూలు గుచ్చి, పసుపూ కుంకుమా పెట్టి, చుట్టూ తిరిగి పాటలు పాడేవాళ్లం కదా! పేడ ఉన్నచోట అవమానమే ఉండాలన్న రూలు మన ఇళ్లల్లో లేదు. ఒఫీలి తల్లిదండ్రులు నైజీరియావాళ్లు. ఆయన క్యాథలిక్కుగానే పెరిగాడు. 1992లో జింబాబ్వే వెళ్లినప్పటి నుంచీ ఈ లద్దెను తన చిత్రాల్లో వాడుతున్నాడు. మేరీమాతను తిట్టడానికి ప్రత్యేకంగా తెచ్చిందేమీ కాదు. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ పత్రికల కత్తిరింపుల్ని మాత్రం గొబ్బెమ్మ చాటున దాచలేం. అవి చూసి నొచ్చుకున్నవాళ్ల బాధ బూటకమని నేననను.

కానీ అప్పటి మేయరు రూడీ జులియానీ ప్రదర్శన తెరవకముందే కత్తి దూశాడు. ఈ రోతను ఆపకపోతే మ్యూజియానికి నగరం ఏటా ఇస్తున్న 70 లక్షల డాలర్లు నిలిపేస్తానన్నాడు. భవనం నగరానిది కాబట్టి ఖాళీ చేయించాలని దావా కూడా వేయించాడు. అప్పటికి ఆయన సెనేట్ పదవికి పోటీ చేసే ఆలోచనలో ఉన్నాడు, అవతల హిల్లరీ క్లింటన్. ఇంకేముంది, టీవీలకు పండగ. మ్యూజియం ఎదుట ఒకపక్క ప్రార్థనలు, ఒకపక్క భావప్రకటనా స్వేచ్ఛ నినాదాలు, మధ్యలోంచి టికెట్ల క్యూ. నవంబరు 1న ఫెడరల్ జడ్జి మేయరుదే తప్పని తీర్పిచ్చింది. డిసెంబరులో డెబ్భై రెండేళ్ల పెద్దాయనొకడు అడ్డుగా పెట్టిన అద్దం వెనక్కి దూరి, ఆ చిత్రమంతా తెల్లరంగు పులిమాడు. తుడిచేశారు, బొమ్మకేం కాలేదు.

ఇంతవరకూ చాలామందికి గుర్తున్న కథే. గుర్తులేనిది దీని వెనక కథ.

ఆ ప్రదర్శనలోని పనులన్నీ ఒక్కరి సొత్తు. ఆయన పేరు చార్లెస్ సాచీ. లండన్‌లో పేరుమోసిన ప్రకటనల కంపెనీని తమ్ముడితో కలిసి పెట్టినవాడు, మార్గరెట్ థాచర్ పార్టీకి 1979 ఎన్నికల ప్రచారం చేసిపెట్టిన కంపెనీ అది. పేరులేని కుర్రవాళ్ల బొమ్మలు టోకున కొనడం, వాళ్లకు పేరొచ్చాక కొన్ని అమ్మడం ఆయన పద్ధతి. 1998 డిసెంబరులో క్రిస్టీస్ వేలం సంస్థ ద్వారా అలా నూట ముప్ఫై దాకా అమ్మాడు. ఆ క్రిస్టీస్ కూడా ఈ ప్రదర్శనకు స్పాన్సరే. అక్టోబరు ఆఖరున న్యూయార్క్ టైమ్స్ పత్రిక అసలు పద్దు బయటపెట్టింది. ప్రదర్శనకు అందరికంటే ఎక్కువ డబ్బు ఇస్తానన్నది సాచీయే. మొత్తం లక్షా అరవై వేల డాలర్లు. ఆ సంగతి బయటికి పొక్కకుండా మ్యూజియంవాళ్లు జాగ్రత్తపడ్డారు. ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలన్నదాంట్లో కూడా ఆయన మాట గట్టిగా చెల్లింది.

ఇందులో తప్పేముంది, తన బొమ్మలు తన ఖర్చుతో పదిమందికీ చూపించాడు అనిపించవచ్చు. మనకు తెలిసిన లెక్కలో చెప్తాను. ఊరి చివర పది ఎకరాలు కొన్నవాడు ఉన్నాడనుకోండి. రింగు రోడ్డు ఎటు పోవాలో తేల్చే కమిటీకి టీ, టిఫిన్లు, కారు ఖర్చులు అతనే పెట్టుకున్నాడు. రోడ్డు సరిగ్గా అతని పొలం పక్కనుంచే వెళ్లింది. రోడ్డు మంచిదే, జనానికి ఉపయోగమే. కానీ ఎకరం ధర ఎంతకు పెరిగిందో, ఆ టిఫిన్ల బిల్లు ఎవరు కట్టారో ఊరికి తెలియాలా వద్దా? కళల వ్యాపారంలో మ్యూజియం గోడే రింగు రోడ్డు. పెద్ద మ్యూజియంలో వేలాడి వచ్చిన చిత్రం విలువ, వేలాడకముందున్న విలువ ఒకటి కావు. ప్రజల డబ్బుతో నడిచే మ్యూజియం తన పరువును అరువిస్తోంది. అరువు తీసుకున్నవాడు చాటున బిల్లు కడుతున్నాడు.

ఆశ్చర్యమేమిటంటే మేయరుగారి లాయర్లు ఈ సంగతి కూడా ఎత్తారు. ఎవరూ పట్టించుకోలేదు. లద్దె ముందు లెక్కల పుస్తకం ఏం నిలుస్తుంది! ఆ ఏడాది చివర ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ మాత్రం, తన దగ్గరికి రావలసిన ఇదే ప్రదర్శనను వద్దనుకుంది. ఇది బజారుకు మరీ దగ్గరగా ఉందన్నది దాని డైరెక్టరు చెప్పిన కారణం. ఆ గొడవంతటిలో నాకు నచ్చిన మాట అదొక్కటే. 2000 జూలైలో అమెరికా మ్యూజియంల సంఘం కూడా కొత్త నియమాలు రాసుకుంది. ఎవరి వస్తువులు అరువు తెచ్చి చూపిస్తున్నారో వారి దగ్గరే డబ్బు తీసుకుంటే ఆ సంగతి బయటికి చెప్పాలని అందులో ఒకటి. ఇక ఆ మేరీమాత చిత్రం 2015లో లండన్‌లో వేలానికొచ్చింది. ఇరవై తొమ్మిది లక్షల పౌండ్ల దాకా పలికింది. అప్పటికి అది సాచీ చేతిలో లేదు. అమ్మిపెట్టింది మాత్రం ఆ క్రిస్టీస్ వారే.

అలాగని కళకు షావుకారు డబ్బు తగలకూడదంటే మన సాహిత్యంలో సగం ఉండేది కాదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని రాజుకివ్వలేదు, అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడికిచ్చాడు. కర్పూరం, చందనం, జవ్వాది లాంటి సుగంధద్రవ్యాలను సముద్రాల మీదుగా తెప్పించి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సరఫరా చేసిన కోటీశ్వరుడాయన. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే కార్పొరేట్ స్పాన్సరు. అయితే మనవాళ్ల పద్ధతిలో ఒక సుళువుంది. కృతి పుచ్చుకున్నవాడు కృతిభర్త. అవతారికలోనే ఆయన పేరు, వంశం, వ్యాపారం అన్నీ వర్ణించి మరీ కావ్యం మొదలుపెడతారు. పొగడ్త మోతాదు మించితే మించనీయండి. డబ్బు ఎవరిదో, ఏం అమ్మితే వచ్చిందో మొదటి పేజీల్లోనే ఉంటుంది. చదివేవాడు దానికి తగ్గట్టు తూచుకుంటాడు. భాగవతాన్ని రాజులకివ్వనన్న పోతన దారి వేరు, దానికి దండం పెడతాం. పెడతామే గానీ, ఆ దారిలో నడిచినవాళ్లెందరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. గుళ్లో ఫ్యాను రెక్కల మీద, ట్యూబులైటు పట్టీ మీద కూడా దాత పేరు రాయించుకునే దేశం మనది.

అసలు చిక్కు పేరు కనపడితే తీరిపోదు. అమెరికాలో శాక్లర్ కుటుంబం సంగతి చూస్తే అది తెలుస్తుంది. వాళ్ల పేరు దాచిందెక్కడ? ప్రపంచంలోని గొప్ప మ్యూజియంలన్నిటి గోడల మీదా ఉండేది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1978లో తెరిచిన శాక్లర్ విభాగం మరీ ఘనం. నైలు నది మీద అస్వాన్ ఆనకట్ట కడితే మునిగిపోయే డెండూర్ గుడిని ఈజిప్టు అమెరికాకు బహుమతిగా ఇచ్చింది. దాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఆ హాల్లో మళ్లీ కట్టారు. శ్రీశైలం నీళ్లలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మనవాళ్లు అలంపురానికి తరలించినట్టే. గుడి ముందు నైలును తలపించేలా ఒక నీటి మడుగు. ఆ హాలు చూసి చేతులెత్తి మొక్కినవాళ్లకు దాత ఏం చేస్తారో తెలియదు. వాళ్ల కంపెనీ పేరు పర్డ్యూ. 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రను బజార్లోకి తెచ్చింది. నల్లమందు జాతికి చెందిన మందు. దీనికి అలవాటుపడే ప్రమాదం బాగా తక్కువని డాక్టర్లకు నూరిపోశారు. మీ బంధువులెవరైనా అమెరికాలో డాక్టర్లయితే అడిగి చూడండి, ఆ రోజుల గురించి చెప్తారు. 2007లో కంపెనీ కోర్టులో తప్పు ఒప్పుకుని అరవై కోట్ల డాలర్ల పైన జరిమానా కట్టింది. 1999 నుంచి 2019 దాకా నల్లమందు జాతి మందులు, మత్తుపదార్థాల మోతాదు మించి ఆ దేశంలో చనిపోయినవాళ్లు దాదాపు అయిదు లక్షలమంది. అందరూ ఈ ఒక్క మాత్ర వల్లే కాదు. కానీ చాలామందికి దారి మొదలైంది డాక్టరు చీటీతోనే.

మ్యూజియం గోడ మీద పేరుంది. మందు సీసా మీద మాత్రం లేదు. మనుషులకు ఆ రెంటినీ కలిపి చూడాలన్న ఊహే రాలేదు.

కలిపి చూపించింది నాన్ గోల్డిన్ అనే ఫోటోగ్రాఫరు. 1953లో పుట్టిన మనిషి. తన స్నేహితుల బతుకుల్ని, ఎయిడ్స్‌తో వాళ్లు రాలిపోవడాన్ని ఫోటోల్లో దాచి పేరు తెచ్చుకుంది. 2014లో బెర్లిన్‌లో చేతికి ఆపరేషన్ అయితే డాక్టర్లు ఈ మాత్రే రాసిచ్చారు. మూడేళ్లు దానికి బానిసైంది, ఒకసారి చావు అంచుదాకా వెళ్లొచ్చింది. 2017లో బయటపడ్డాక, ఈ మాత్ర ఎవరిదని ఆరా తీసింది. తన ఫోటోలు వేలాడే మ్యూజియంల గోడల మీద ఉన్న పేరే అది! కొద్దిమందిని పోగేసి ఒక బృందం కట్టింది. 2018 మార్చి 10న మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆ గుడి ముందున్న మడుగులోకి నారింజరంగు మందు సీసాలు గుప్పించి, శవాల్లా నేల మీద పడుకున్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గుగెన్‌హైమ్ మ్యూజియం పై అంతస్తుల నుంచి మందుల చీటీలు కురిపించారు. ఎందుకంటే మాత్ర విడుదలనాడు రిచర్డ్ శాక్లర్, మందుల చీటీలు మంచుతుఫానులా కురుస్తాయని అన్నట్టు అప్పుడే కోర్టు కాగితాల్లో బయటపడింది. కోపాన్ని ఇంత గురి చూసి వాడటం నేనెక్కడా చూడలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. నినాదాలతో మ్యూజియంలు కదల్లేదు. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ శాక్లర్ ట్రస్టు నుంచి పది లక్షల పౌండ్లు తీసుకోబోతోంది. ఆ డబ్బు ముట్టుకుంటే అక్కడ తన ప్రదర్శన పెట్టనని గోల్డిన్ చెప్పేసింది. అరవైయ్యారో ఏట అలాంటి చోట ప్రదర్శన వదులుకోవడానికి సిద్ధపడటం చిన్న విషయం కాదు. 2019 మార్చి 19న గ్యాలరీ, ట్రస్టు కలిసి ఆ విరాళం వద్దనుకున్నాయి. నాలుగు రోజులు తిరక్కుండా టేట్, గుగెన్‌హైమ్ కూడా అదే మాట చెప్పాయి. ఒకడు తప్పుకుంటే గానీ రెండోవాడికి ధైర్యం రాదు. జూలైలో పారిస్ లూవ్ర్ మ్యూజియం పేరు తీసేసింది, 2021 డిసెంబరులో మెట్రోపాలిటన్ ఏడు చోట్ల తీసేసింది.

గోల్డిన్ కోపాన్నీ మేయరుగారి కోపాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మేయరు తనకు ఖర్చులేని కోపం పడ్డాడు, పైగా ఓట్లు రావచ్చు. గోల్డిన్ దగ్గర వదులుకోవడానికి ఏదో ఉంది, అది పందెం కాసింది. మేయరు బొమ్మను చూశాడు, ఈమె రశీదు చూసింది. అయితే కోపానికి గురి ఉన్నంత మాత్రాన దెబ్బ అందరికీ న్యాయంగా తగులుతుందని లేదు. శాక్లర్ అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు ఆర్థర్ 1987లోనే పోయాడు, అప్పటికి ఈ మాత్ర పుట్టలేదు. ఆయన వాటా తమ్ముళ్లు కొనేసుకున్నారు. ఆయన పేరు మీద ఉన్న గ్యాలరీల్ని కూడా ఇందులోకి లాగడం అన్యాయమని ఆయన భార్య వాదించింది. డాక్టర్లను ప్రకటనలతో పట్టే విద్య నేర్పిందే ఆయన కదా అని గోల్డిన్ పక్షం. మిగతా కుటుంబం మీద క్రిమినల్ కేసు ఎన్నడూ పెట్టలేదు. తాము తప్పు చేయలేదనే వాళ్లు ఇప్పటికీ అంటారు. అంటూనే, 2025లో దివాలా కోర్టు ఒప్పుకున్న ఒడంబడికలో ఆ కుటుంబం, కంపెనీ కలిసి 740 కోట్ల డాలర్ల దాకా కట్టడానికి సిద్ధమయ్యారు.

ఈ పేర్లు ఎంతకు అమ్ముడుపోతాయో చూస్తే మరీ విచిత్రం. చమురు కంపెనీ బీపీ లండన్ టేట్ గ్యాలరీకి పాతికేళ్ల పైన స్పాన్సరు. 2010 ఏప్రిల్‌లో ఆ కంపెనీ బావి మెక్సికో సింధుశాఖలో పేలి పదకొండుమంది చనిపోయారు. రెండు నెలలకే టేట్ వారు బీపీ స్నేహానికి ఇరవై ఏళ్లని విందు చేసుకుంటే, గుమ్మం ముందు కొందరు నల్లటి పాకం పారబోశారు. బీపీ ఎంతిస్తోందో చెప్పమంటే టేట్ నోరు విప్పలేదు. సమాచార హక్కు కింద మూడేళ్లు పోరాడాక 2015 జనవరిలో లెక్క బయటికొచ్చింది. 1990 నుంచి 2006 దాకా పదిహేడేళ్లకు కలిపి ముప్ఫై ఎనిమిది లక్షల పౌండ్లు, అంటే ఏడాదికి రెండు లక్షల పైచిలుకు. టేట్ మొత్తం ఖర్చులో అది చిల్లర. గ్యాలరీ నడవాలంటే తప్పదన్న వాదన ఆ రోజుతో తేలిపోయింది. దాచింది డబ్బు ఎక్కువై కాదేమో, తక్కువై సిగ్గుపడి కావచ్చు!

మన పక్కన కూడా ఇది జరిగింది. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాన్ని 2013లో పన్నెండు గ్రామసభలు వరసగా వద్దన్నాయి. ఉత్తరాంధ్రకు ఆనుకుని ఒడిశాలో ఉన్న కొండలవి. తవ్వుదామనుకున్నది వేదాంత కంపెనీ. 2016లో జైపూర్ సాహిత్యోత్సవం లండన్‌లో జరిగితే దానికి స్పాన్సరు వేదాంతే. కొండ మీది డోంగ్రియా కొంధుల మాటేమిటని రచయితలు బహిరంగ లేఖ రాశారు. మలయాళ కవి సచ్చిదానందన్ తప్పుకున్నారు. మిగతావాళ్లు వెళ్లారు, మాట్లాడారు, వచ్చారు. కవి ఒక్కడు తప్పుకుంటే ఏం ఒరిగిందని అప్పట్లో వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఆ ఉత్సవానికి ఆహ్వానం వచ్చి ఉంటే ఏం చేసేవాళ్లో మరి.

ఇదంతా విని, అయితే సర్కారు డబ్బుతోనే నడపండి అనేవాళ్లుంటారు. సర్కారు డబ్బుతో జులియానీ వస్తాడు. పోనీ టికెట్టు పెంచండి అంటే, పిల్లల్ని వెంటబెట్టుకుని సెలవురోజు వచ్చే మామూలు కుటుంబం గుమ్మంలోనే ఆగిపోతుంది. గోడలకు సున్నం వేయాలి, కాపలావాళ్లకు జీతాలివ్వాలి, వానకు పటాలు తడవకుండా చూసుకోవాలి. అందుకే ఫలానా డబ్బు పుచ్చుకున్నారనగానే ఒంటికాలి మీద లేవను. ఎవరిది, ఎంత, ఏం అమ్మితే వచ్చింది, బదులుగా ఏమిచ్చారు అన్నవి మాత్రం అడుగుతాను. చెప్పడానికి తటపటాయిస్తే అప్పుడు లేస్తాను.

పది లక్షల పౌండ్లు వదులుకున్న ఆ లండన్ పోర్ట్రెయిట్ గ్యాలరీ మూడేళ్లు మూసి, మరమ్మతులు చేసుకుని 2023 జూన్‌లో మళ్లీ తెరిచింది. బాగుందని అందరూ మెచ్చుకున్నారు. మొదటి అంతస్తులో ఒక విభాగానికి ఇప్పుడు బ్లవట్నిక్ అని పేరు. వాళ్ల ఫౌండేషన్ కోటి పౌండ్లిచ్చింది, ఆ గ్యాలరీకి ఎప్పుడూ అంత పెద్ద విరాళం రాలేదు. ఉక్రెయిన్‌లో పుట్టిన లెన్ బ్లవట్నిక్ సోవియట్ యూనియన్ కూలిన తర్వాత రష్యా అల్యూమినియం, చమురు వ్యాపారాల్లో పైకొచ్చినవాడు. బ్రిటిష్ మ్యూజియం కూడా అదే 2023 డిసెంబరులో బీపీ నుంచి పదేళ్లకు అయిదు కోట్ల పౌండ్లు తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఈసారి అంకె ముందే చెప్పారు.